నలభై రెండేళ్లు నా దగ్గర ఉన్నాయి

డాలస్‌లో మా ఇంటి దగ్గరి లైబ్రరీకి శనివారాలు ఇంగ్లీష్ నేర్పడానికి వెళ్తున్నా. వచ్చేవాళ్లలో ఎక్కువమంది మెక్సికో, హోండురాస్ వాళ్లే. నిన్న ఒకావిడ లేచి "ఐ హావ్ ఫార్టీ టూ ఇయర్స్" అన్నారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ నోట్‌బుక్ మూసేసి కూర్చుండిపోయారు.

నా మనసు చివుక్కుమంది. ఆవిడకి భాష రాక కాదు. స్పానిష్‌లో వయసు మన దగ్గర ఉండే వస్తువులాంటిది, నలభై రెండేళ్లు నా దగ్గర ఉన్నాయి అన్నట్టే చెప్తారు. ఎంత బావుందో ఆ మాట!

"ఇట్" లేకుండా "ఈజ్ రెయినింగ్" అనడమూ అంతే. స్పానిష్‌లో క్రియ చివర చూస్తే కర్త తెలిసిపోతుంది, మనం "వస్తున్నా" అంటే చాలు కదా, అలా. ఇక ఆ "ఇట్" ఎందుకో వాళ్లకి అర్థం కాదు. "ఐ డోంట్ నో నథింగ్" కూడా వాళ్ల "నో సె నాదా"కి సరిగ్గా అచ్చు. మన "ఎవరూ రాలేదు"లో "ఎవరూ" ఉన్నా "లేదు" ఉండాల్సిందేగా! "పీపుల్ ఈజ్" ఎందుకంటారంటే, జనం అనే మాట వాళ్లకి ఏకవచనం.

బోర్డు మీద రెండు భాషల వాక్యాలూ పక్కపక్కన రాశాను. ఆవిడ మెల్లగా నోట్‌బుక్ తెరిచి "ఐ యామ్ ఫార్టీ టూ" అని రాసుకున్నారు. కింద గీత గీసి, తలెత్తి అడిగారు: "ఆకలి కూడా ఇంతేనా? ఐ హావ్ హంగర్ అనకూడదా?"

ఆ ప్రశ్నకి నాకెంత సంతోషమేసిందో.