అలంపురం దారిలో హెలికాప్టర్ల పంచాయితీ

జడ్చర్ల దాటేదాకా మామ, చిన్నాయన ఇద్దరూ మంచిగానే ఉన్నారు. భూత్పూర్ దగ్గర మామ ఫోన్ తీసి, విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన హెలికాప్టర్ ఫొటో చూపించాడు. అక్కడ మొదలైంది పంచాయితీ.

మామ నేవీలో ఎయిర్‌క్రాఫ్ట్ మెకానిక్‌గా చేశాడు. చివరి పోస్టింగ్ విశాఖలో నేవీ విమానాల స్థావరం ఐఎన్ఎస్ డేగాలో, ఆ ఫొటోలో ఉన్న రకం యూహెచ్-3హెచ్ హెలికాప్టర్ల మీద. చిన్నాయనది ఎయిర్‌ఫోర్స్. చండీగఢ్‌లో ఎంఐ-26 అనే రష్యా భారీ హెలికాప్టర్ల ఇంజన్లు చూసేవాడు. పైగా బావా బామ్మర్దులు, ఇక మాటలకు అడ్డేముంది? స్టీరింగ్ నా చేతిలో ఉంది కాబట్టి నన్ను తీర్పు అడగలేదు, అదే నయం.

"గింత దానికి మ్యూజియమా బామ్మర్దీ?" అన్నాడు చిన్నాయన, ఫొటో మీద వేలు పెట్టి. "మాది అట్లాంటివి రెంటిని లేపుతది."

అది ఉత్త కోత కాదు. ఎంఐ-26 ఇరవై టన్నులు మోస్తుంది. యూహెచ్-3హెచ్ నిండా సరుకుతో కూడా పది టన్నులకు లోపే. ఎంఐ-26 నెత్తిన తిరిగే రోటర్‌కు 8 రెక్కలు, అడ్డం కొలిస్తే 32 మీటర్లు. 1986లో మొదటివి మన దేశానికి వచ్చాయి, మొత్తం కలిపి నాలుగే. 2019లో అమెరికా చినూక్ హెలికాప్టర్లు వచ్చినా, అంత బరువు లేపేది మన దగ్గర ఇంకోటి లేదు. కేదార్‌నాథ్‌లో వరదల తర్వాత మళ్లీ కట్టడానికి పెద్ద యంత్రాలను కొండ మీదకు చేర్చింది అదే. చిన్నాయన అప్పటికే రిటైర్ అయ్యాడు. అయినా కొడుక్కి ర్యాంకు వచ్చినట్టు చెప్పుకుంటాడు.

మామ ఊరుకుంటాడా? "మీది ఓడ మీద దిగుతదా? రెక్కలు మడుస్తదా?" అన్నాడు. యూహెచ్-3హెచ్ అడుగు పడవలా ఉంటుంది, ఆపదొస్తే నీళ్ల మీద దిగడానికి. 2007లో అమెరికా నుంచి జలాశ్వ ఓడతో పాటు ఆరు వచ్చాయి. 2009లో విశాఖలో వాటితోనే నేవీ హెలికాప్టర్ దళం 350 స్క్వాడ్రన్ మొదలైంది. 2024 జూన్‌లో వీడ్కోలు చెప్పి, వాటి జాగాలో సీకింగ్ 42సీ హెలికాప్టర్లు పెట్టారు. ఆ యూహెచ్-3హెచ్‌లలో ఒకటే ఇప్పుడు బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్, టీయూ-142 విమానం ఉన్న దారిలో నిలబడింది.

మామకు గర్వం కంటే టెన్షన్ ఎక్కువగా ఉందని పెబ్బేరు దాటాక తెలిసింది. సముద్రం మీద ఎగిరొచ్చిన హెలికాప్టర్‌ను మంచినీళ్లతో కడగాలట. ఇంజన్ లోపలికీ నీళ్లు కొట్టి ఉప్పు వదిలించాలి, లేకుంటే లోహం తినేస్తుంది. "ఎగిరినప్పుడు కడిగినం. ఇప్పుడు ఇరవై నాలుగ్గంటలూ ఉప్పుగాలిల ఉన్నది. ఎవరు కడుగుతున్నరో," అన్నాడు. అంతసేపూ ఎగతాళి చేసిన చిన్నాయన దీనికి మాత్రం జవాబియ్యలేదు. కాసేపయ్యాక, "రెక్కలు కట్టేసిన్రా?" అని అడిగాడు. ఆగిన హెలికాప్టర్ రెక్కలు బరువుకు కిందికి వంగుతాయి, గాలొస్తే ఊగుతాయి. ఎంఐ-26వైతే మరీనట. చూసేవాళ్లు విరిగిపోయిందనుకుంటారని ఆయన బెంగ.

బీచుపల్లిలో కృష్ణ దాటి, ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని, ఎర్రవల్లి చౌరస్తాలో మిర్చీలు తిన్నాం. మిర్చీలు బాగున్నాయి, చాయ్ మాత్రం ఉత్త చక్కెర నీళ్లే.

అలంపురంలో జోగులాంబ దర్శనం తొందరగానే అయింది. చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలను గంటలు గంటలు చూడొచ్చు కానీ, మా వాళ్లిద్దరూ కూడవెల్లి సంగమేశ్వరాలయం దగ్గరే ఆగిపోయారు. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోతుందని ఆ గుడిని రాయి రాయి విప్పి, ఇక్కడికి తెచ్చి మళ్లీ కట్టారు. చిన్నాయన గోడ మీద అతుకుల వెంట చెయ్యి పెట్టి నడిచాడు. మామేమో, టీయూ-142ను కూడా ఇట్లనే విప్పి, ముక్కలు ముక్కలుగా బీచ్‌కు తెచ్చి బిగించారని చెప్పాడు. ఆ రోజు ఇద్దరికీ మాట కలిసింది ఆ గుడి దగ్గరే.

అక్కడి నుంచి రాజోలి. తుంగభద్ర ఒడ్డున మగ్గాల ఊరు. 2009 అక్టోబరు వరదలో మునిగింది. ఆ వానలకే శ్రీశైలంలో నీళ్లు నిండు మట్టం 885 అడుగులు దాటి 896 దాకా వచ్చాయి, కర్నూలు మునిగింది. అప్పుడు ఇటువైపు హెలికాప్టర్లు తిరిగి అన్నం పొట్లాలు వేశాయి.

చీర చూద్దామని ఒక ఇంట్లోకి పోయాం. మగ్గం మీదున్న పెద్దమ్మకు అరవై దాటి ఉంటాయి. గుంటలో కాళ్లు ఆడుతూనే ఉన్నాయి, జరీ అంచు వేలి మందం పెరిగేలోపే వరద కథంతా చెప్పింది. "మిద్దె మీద ఉన్నం. అది కిందికొస్తే గాలికి పక్కింటి రేకులు లేసిపాయె. పైకి పోయి పొట్లాలేస్తే సగం నీళ్లల్ల పడె, సగం పగిలె."

చిన్నాయన సంజాయిషీకి దిగాడు. కిందికొస్తే రోటర్ గాలి ఇళ్లను లేపుతుంది, పైనుంచి వేస్తే పొట్లాలు పగులుతాయి, మధ్యలో సరైన ఎత్తు పట్టుకోవడం పైలట్‌కు చాలా కష్టమన్నాడు. మామ తనవంతుగా, కింద నిలబడి హెలికాప్టర్ కొక్కేనికి సరుకు తగిలించేవాడి కష్టం చెప్పాడు. రెక్కలు తిరిగే కొద్దీ హెలికాప్టర్ ఒంట్లో కరెంటు పోగవుతుంది. ముందు దాన్ని కడ్డీతో నేలకు దించకుండా కొక్కెం ముట్టుకుంటే మనిషిని ఎత్తి కొడుతుంది. తనకు ఒకసారి మోచేతి దాకా తిమ్మిరెక్కిందట.

"ఏ బండో మేం యాడ సూసినం సారూ, పొట్లం కోసం సూసినం," అంది పెద్దమ్మ. ఆ మాటకు ఇద్దరూ నవ్వారు గానీ, మామ మొహం కొంచెం చిన్నబోయింది. పెద్దమ్మ మిద్దె మీదికొచ్చింది ఎంఐ-26 కాదు, మామ బండీ కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా మా వాళ్లే వచ్చారన్నట్టు చెప్పడం మాత్రం ఆపలేదు. నాకు అది అబద్ధం అనిపించలేదు. ఒకసారి హెలికాప్టర్ కింద నిలబడి పనిచేసినవాడికి ఎగిరేవన్నీ తనవేనేమో.

మామ హెలికాప్టర్‌ను ఇప్పుడు మ్యూజియంలో పెట్టారని చెబితే, పెద్దమ్మ షటిల్ ఆపి, "టికెట్ ఎంత?" అని అడిగింది. మామ దగ్గర జవాబు లేదు.

తిరుగు దారిలో సంక్రాంతికి విశాఖ టికెట్లు నన్నే బుక్ చేయమన్నారు. మామ తన హెలికాప్టర్ చుట్టూ తిరిగి తుప్పు వెతుకుతాడట. చిన్నాయన షరతు వేరే: ముందు టీయూ-142 చూడాలి. నేవీదైనా, అది రష్యా బండి కదా.