వోయిలో దిగి కుడికి తిరిగితే: టైటా టవేటా కబుర్లు

నైరోబీలో ఉండే మనవాళ్లని లాంగ్ వీకెండ్‌కి ఎక్కడికెళ్లారు అని అడగండి, మసాయి మారా, నైవాషా, మొంబాసా, ఈ మూడే వినిపిస్తాయి. మొంబాసా వెళ్లే ప్రతి ఒక్కరూ వోయి అనే ఊరి మీదుగానే పోతారు కానీ ఎవరూ దిగరు, మహా అయితే హైవే పక్కన ఐదు నిమిషాలు ఆగి టీ తాగి మళ్లీ లారీల వెనక లైన్ కడతారు. ఆ వోయి ఉన్న జిల్లా పేరే టైటా టవేటా. కెన్యాలో కౌంటీ అంటారు, 2010 రాజ్యాంగం తర్వాత దేశాన్ని 47 కౌంటీలు చేశారు, అందులో నంబర్ ప్రకారం ఇది 6వది. సైజు చూస్తే 17 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే, జనం మాత్రం 2019 లెక్కల్లో మూడు లక్షల నలభై వేలే. ఇంత నేల పెట్టుకుని ఇంత తక్కువ మందేంటి అని నాకూ అనిపించింది, ఆ సంగతి తర్వాత చెప్తా.

వెళ్లడానికి మదరాకా ఎక్స్‌ప్రెస్ బెస్ట్. 2017లో మొదలైన రైలు, చైనావాళ్లు కట్టారు. టికెట్ తీసేటప్పుడు చూసుకోవాలి, మధ్య స్టేషన్లలో ఆగకుండా మొంబాసా పోయేది ఒకటుంది, వోయి వెళ్లాలంటే పొద్దున్నే నైరోబీలో బయల్దేరే ఇంటర్ కౌంటీ రైలెక్కాలి. స్టేషన్ బయట బ్యాగులన్నీ వరసగా నేల మీద పెట్టించి కుక్కలతో వాసన చూపిస్తారు. మా ఆవిడ కట్టిన పులిహోర డబ్బా దగ్గర ఆ కుక్క ఇంకాస్త ఎక్కువసేపు ఆగింది, ఇంగువ ఘాటు దానికి కొత్త కాబోలు. ఆఫీసరమ్మ నవ్వేసి వెళ్లమంది.

మ్టిటో అండే స్టేషన్ దాటాక కిటికీ సీటు వదలొద్దు. రైలు కట్ట బాగా ఎత్తులో ఉంటుంది, జంతువులు అటూ ఇటూ దాటడానికి కింద దారులు వదిలారు. రెండు పక్కలా సావో పార్కులే, ఒక పక్క ఈస్ట్, ఇంకో పక్క వెస్ట్, 1948లో పెట్టినవి, రెండూ కలిపితే ఇరవై వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. ఇక్కడి ఏనుగులు ఎర్రగా ఉంటాయి. రంగు వాటిది కాదు, ఆ ఎర్రమట్టిని ఒంటి మీద పోసుకుని బురదలో దొర్లుతాయి కాబట్టి ఇటుక రంగు తేలతాయి. "ఏవండీ అటు చూడండి, పుట్టలు కదులుతున్నాయి" అని మా ఆవిడ అరిస్తే బోగీలో సగం మంది మా వైపు వచ్చేశారు.

పక్కనే పాత రైలు పట్టాలు కూడా కనిపిస్తుంటాయి. అది మన దేశం వాళ్ల చెమట. 1896లో మొంబాసా నుంచి మొదలుపెట్టి 1901కి విక్టోరియా సరస్సు దాకా వేశారు, దానికోసం ఇండియా నుంచి ముప్పై వేల మందికి పైగా కూలీల్ని ఓడల్లో తెచ్చారు, ఎక్కువ మంది పంజాబ్ వైపు వాళ్లు, రెండున్నర వేల మంది దాకా ఇక్కడే చనిపోయారు. 1898లో సావో నది మీద వంతెన కడుతుండగా రెండు జూలు లేని మగ సింహాలు నెలల తరబడి రాత్రిళ్లు గుడారాల్లోంచి మనుషుల్ని లాక్కెళ్లాయి, చివరికి ఆ డిసెంబర్‌లో ప్యాటర్సన్ అనే ఇంజినీరు రెండింటినీ కాల్చేశాడు. ఇప్పుడా సింహాలు షికాగో మ్యూజియంలో ఉన్నాయి. సింహాల పేరు చెప్పి పర్యాటకుల్ని పిలుస్తారు, పోయిన కూలీల పేర్లు మాత్రం చాలావరకు ఎవరికీ తెలియవు, నాకది అస్సలు నచ్చలేదు. వోయి నుంచి మొంబాసా వైపు వెళ్తే మెకినన్ రోడ్ అనే ఊళ్లో పట్టాల పక్కనే సయ్యద్ బఘాలీ షా సమాధి, మసీదు ఉన్నాయి, ఆయన కూడా ఆ రైలు పని మీద వచ్చినవాడే. మోసే తట్ట ఆయన తలకి తగలకుండా గాల్లో తేలేదని చెప్పుకుంటారు. ఆ దారిన పోయే డ్రైవర్లు మతంతో పని లేకుండా ఆగి దణ్ణం పెట్టుకుని వెళ్తారట.

వోయిలో దిగితే ఎండ నెత్తి మాడ్చేస్తుంది. ఊరు పెద్దదేం కాదు కానీ కౌంటీలో ఇదే పెద్దది, బ్యాంకులు, సూపర్ మార్కెట్, మటాటు స్టేజీ అన్నీ ఇక్కడే. మటాటు అంటే పద్నాలుగు సీట్ల వ్యాను, టైమ్ టేబుల్ అంటూ ఉండదు, నిండితే కదులుతుంది. ఛార్జీ ఎంపెసాలో, అంటే ఫోన్‌లోంచే డబ్బు పంపే పద్ధతిలో కట్టేయొచ్చు, పల్లెటూరి అరటిపళ్ల బండి దగ్గర కూడా ఎంపెసా నడుస్తుంది.

సావో ఈస్ట్ గేటు వోయి పక్కనే. సఫారీ గురించి రాసేవాళ్లు బోలెడు మంది ఉన్నారు కాబట్టి రెండు ముక్కల్లో తేల్చేస్తా, అరుబా డ్యామ్ దగ్గర సాయంత్రం ఏనుగులు వస్తాయి, గేట్లో క్యాష్ తీసుకోరు, ఆన్‌లైన్లో ముందే కట్టుకోండి.

ఇక కుడికి తిరిగి మ్వటాటే వైపు వెళ్దాం. సుమారు పాతిక కిలోమీటర్లు. కౌంటీ ఆఫీసులు ఉండేది అక్కడే. ఊరి దగ్గర రోడ్డు పక్కన కనుచూపు మేర కిత్తనార (సైసల్) తోటలు, గీత గీసినట్టు వరసలు. ఇక్కడి సైసల్ ఎస్టేట్ చాలా పెద్దది, పనికోసం బయటి ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు ఎన్నో. మ్వటాటే నుంచి వుండాన్యికి ఎక్కే రోడ్డు ఉంది చూశారూ, మన అరకు ఘాట్ రోడ్డే అనుకోండి, మలుపు తిరిగిన ప్రతిసారీ వేడి తగ్గుతుంది, పదిహేను కిలోమీటర్లలో చెమట పోయి స్వెటర్ వచ్చేస్తుంది.

వుండాన్యి మాకు భలే నచ్చింది. కొండల మీద మెట్లు మెట్లుగా చేలు, క్యాబేజీ, టమాటా, అరటి, అవకాడో, మకడేమియా. పొద్దున్నే లారీలు నింపుకుని కూరగాయలు మొంబాసా మార్కెట్‌కి దిగిపోతాయి. ఇక్కడి జనాన్ని టైటా వాళ్లంటారు, అందులోనూ పెద్ద కొండల మీదుండే దవిడ వాళ్లు వేరు, వోయి పక్కన సగాలా కొండ వాళ్లు వేరు, విడిగా నిలబడ్డ కసిగావు కొండ వాళ్లు వేరు. కసిగావు వాళ్లది బాధాకరమైన చరిత్ర, మొదటి ప్రపంచ యుద్ధంలో, అప్పట్లో పక్కనున్న టాంజానియాని ఏలుతున్న జర్మన్లకి సాయం చేశారని అనుమానించి బ్రిటిష్ వాళ్లు ఊళ్లకి ఊళ్లనే ఖాళీ చేయించి మాలిందికి తరలించేశారు, చాలామంది అక్కడే పోయారు, మిగిలినవాళ్లు ఎన్నో ఏళ్లకి గానీ కొండకి తిరిగి రాలేదు.

మేం దిగిన ఇల్లు ఒక రిటైర్డ్ టీచర్‌గారిది. ఊళ్లో అందరూ ఆయన్ని మ్వలిము, అంటే టీచర్ అని పిలుస్తారు, మేమూ అలాగే పిలిచాం. రాత్రి భోజనంలో కిమాంగా పెట్టారు, అరటికాయో కర్రపెండలమో బీన్స్‌తో కలిపి ఉడికించి మెదిపేస్తారు. కారం ఉండదు, మేం పచ్చడి సీసా తీశాం, వాళ్లావిడ వేలితో కాస్త నాకి చూసి కళ్లనీళ్లు పెట్టుకుని మళ్లీ ఇంకాస్త వేయించుకున్నారు!

ఇందాక చెప్తానన్న సంగతి అక్కడే అర్థమైంది. కౌంటీ నేలలో అరవై శాతం పైగా పార్కుల కిందే పోయింది. మిగిలినదాంట్లో ఎస్టేట్లు, పశువుల రాంచ్‌లు పోగా జనానికి మిగిలేవి ఈ కొండలు, వాటి అంచులు. కింద అంచుల్లో మొక్కజొన్న వేస్తే ఏనుగులు వస్తాయి. "ఏనుగుని చూడాలని మీరు డబ్బు కట్టి వస్తారు, అది నా చేలోకొస్తే నాకెవరు కడతారు బాబూ" అన్నారు మ్వలిము. చట్టంలో పరిహారం ఉంది, 2013 చట్టం ప్రకారం మనిషి పోతే 50 లక్షల షిల్లింగులు, కానీ డబ్బు చేతికి రావడానికి ఏళ్లు పడుతుందని అక్కడ ప్రతి ఒక్కరూ చెప్పే మాటే. నీళ్ల కథా అంతే. సావో వెస్ట్‌లో మ్జీమా ఊటలని ఉన్నాయి, చ్యూలు కొండల లావా రాళ్లలో ఇంకిన వాన అక్కడ అద్దంలాంటి నీరై పైకొస్తుంది, నీళ్లలో హిప్పోలని చూడటానికి గాజు గది కూడా కట్టారు. ఆ నీళ్లు పైపుల్లో మొంబాసాకి పోతాయి, దారిలో ఉన్న ఈ ఊళ్లలో ఆడవాళ్లు పసుపు క్యాన్లు పట్టుకుని లైన్లో నిలబడతారు. పార్కు ఆదాయంలో, నీళ్లలో వాటా కావాలని వీళ్లు అడగడం నాకైతే న్యాయంగానే అనిపించింది.

మర్నాడు వుర్యా ఎక్కాం, 2,208 మీటర్లు, ఈ కొండల్లో అదే ఎత్తు. పైన టీవీ టవర్లు, చుట్టూ మంచు, ఏమీ కనపళ్లేదు. దానికంటే న్గాన్గావో అడవి నయం. ఒకప్పుడు ఈ కొండలంతా ఉన్న అడవిలో ఇప్పుడు మిగిలింది చిన్న చిన్న ముక్కలే, టైటా త్రష్, టైటా అపాలిస్ అనే పిట్టలు ప్రపంచంలో ఈ ముక్కల్లో తప్ప ఎక్కడా లేవు. పాత రోజుల్లో పెద్దవాళ్లు పోయాక కొన్నాళ్లకి తవ్వి, పుర్రెని రాతి గుహలో వరసగా పెట్టి కొలిచేవాళ్లు. అలాంటి గుహ ఒకటి దూరం నుంచి చూశాం. దగ్గరికెళ్లాలంటే ఆ వంశం పెద్దల్ని అడగాలి, ఫోటోలు తీయొద్దు.

మ్వటాటేకి దిగి మళ్లీ పడమరకి పోతే టవేటా. ఒకప్పుడు దుమ్ము రోడ్డు, ఇప్పుడు నున్నటి తారు, వోయి నుంచి మొత్తం నూటపది కిలోమీటర్లు ఉంటుంది. దారిలో మక్టావు దగ్గర భారత సైనికుల స్మశానం ఉంది. 1914 ఆగస్టులో జర్మన్లు టవేటాని ఆక్రమించుకున్నారు, వాళ్లని వెళ్లగొట్టడానికి ఇండియా నుంచి పటాలాలు తెచ్చి ఈ పొదల్లో దింపారు, వోయి నుంచి సైన్యం కోసమే రైలు మార్గం కూడా వేశారు. 1916 ఫిబ్రవరి 12న సలైటా గుట్ట మీద దాడిలో దక్షిణాఫ్రికా దళాలు దెబ్బతిని వెనక్కి పరిగెడితే కాచుకున్నది ఆ ఇండియా పటాలాల్లో ఒకటైన 130వ బలూచీలు. మటాటు డ్రైవర్‌ని అడిగితే రెండు నిమిషాలు ఆపాడు, మిగతా ప్యాసింజర్లు ఏమీ అనలేదు.

టవేటాకి బుధవారం గానీ శనివారం గానీ వెళ్లండి, సంత రోజులు. బోర్డర్ అవతల టాంజానియా నుంచి కూడా వస్తారు, అరటి గెలలు గుట్టలు గుట్టలు, ఉల్లిపాయలు, బీన్స్, కిటెంగే అనే రంగురంగుల అచ్చు బట్టలు. ఎండిన నేల మధ్య ఇంత అరటి ఎలా అంటే కిలిమంజారో దయ, ఆ కొండలో ఇంకిన నీళ్లు ఇక్కడ ఊటలై పైకొస్తాయి, కాలవలు తీసి పారిస్తారు. టవేటా జనం సంఖ్యలో తక్కువ, భాష వేరు, టైటావాళ్లతో కలిపి మాట్లాడితే మొహం చిట్లిస్తారు.

'చాలా' అనే పేరున్న సరస్సు ఊరికి దగ్గరే, బోడబోడా (బైక్ ట్యాక్సీ) మీద వెళ్లొచ్చు. అంచు దాకా వెళ్లేవరకు సరస్సుందని తెలీదు. అగ్నిపర్వతం గొయ్యి, నిటారు గోడలు, అడుగున నెమలి కంఠం రంగు నీళ్లు, మధ్యలోంచి రెండు దేశాల సరిహద్దు. గులకరాళ్ల మీద చెయ్యి ఆన్చుకుంటూ దిగాలి, మా ఆవిడ సగంలో కూర్చుండిపోయి "మీరెళ్లి రండి, నేనిక్కడే ఉంటా" అంది. ఈత మాత్రం వద్దు, 2002లో ఒక బ్రిటిష్ అమ్మాయిని మొసలి లాక్కుపోయింది.

టవేటా నుంచి హోలిలి బోర్డర్ దాటితే మోషీ, మనకి టాంజానియా వీసా కావాలి, ఎల్లో ఫీవర్ కార్డు దగ్గరుంచుకోండి, ఇండియాకి తిరిగెళ్లేటప్పుడూ అడుగుతారు. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, చాలాకి దిగే బాట జారుతుంది, జూన్ నుంచి కొండల మీద చలి, మబ్బు. జనవరి, ఫిబ్రవరిలో వెళ్తే పొద్దున్నే ఆరు, ఏడు మధ్య కిలిమంజారో కనిపించే అవకాశం ఎక్కువ, తర్వాత మబ్బు కమ్మేస్తుంది కాబట్టి టవేటాలోనే రాత్రి పడుకోండి, వోయి నుంచి పొద్దున బయల్దేరితే దొరకదు.