భీమవరంలో అద్దెకివ్వడానికి ఫ్లాట్ కొన్నాం: నా అనుభవం

అద్దె కోసం ఇల్లు కొన్నామని చెప్పగానే అందరూ అడిగేది ఒకటే, ఎంత మిగులుతుంది అని. కాబట్టి ముందు ఆ లెక్క చెప్పేస్తాను. ఫ్లాట్ 36 లక్షలు. రిజిస్ట్రేషన్‌కి స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, ఫీజు 1, మొత్తం 7.5 శాతం, అంటే 2 లక్షల 70 వేలు. లాయరు, బ్రోకర్ కమీషన్, ప్లంబింగ్, పెయింటు కలిపి చేతిలోంచి పోయింది 40 లక్షలు. అద్దె నెలకి 10 వేలు. ఇంటిపన్ను, ఏడాదికో నెల ఖాళీ, చిన్నాచితకా రిపేర్లు తీసేస్తే ఏడాదికి లక్ష మిగిలితే గొప్ప. రెండున్నర శాతం! బ్యాంకులో ఫిక్సెడ్ వేసుకున్నా ఇంతకి రెట్టింపు పైనే వస్తుంది. అందుకే మొత్తం లోన్ పెట్టి అద్దెతో ఈఎంఐ కట్టేద్దాం అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవడం మంచిది. మేం 20 లక్షలే లోన్ తీసుకున్నాం, 8 శాతం మీద 15 ఏళ్ళకి నెలకి 19,100 చిల్లర, అద్దె అందులో సగానికి కాస్త పైన వస్తోంది.

మరి ఎందుకు కొన్నట్టు? నేను టీచర్ని, మాకు పొలం లేదు, రొయ్యల చెరువు మీద డబ్బు పెట్టే గుండె అసలే లేదు. రిటైరయ్యాక పాలకొల్లు పక్క పల్లెలో ఉండే కంటే ఆసుపత్రులూ రైలూ దగ్గరున్న ఊళ్ళో ఉండాలని మా ఆవిడ ఎప్పట్నించో అంటోంది. అప్పటిదాకా అద్దెకి ఉంటుంది కదా అని. ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి, 2022లో జిల్లా కేంద్రం కూడా అయ్యాక ఉద్యోగులొచ్చారు, అద్దెకి మనుషులు దొరకరన్న బెంగ లేదు.

చూడ్డం మొదలుపెట్టిన సమయం కూడా కలిసొచ్చింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచాక రొయ్యల మాటెత్తితే చాలు ఊళ్ళో అందరూ దిగాలుగా ఉన్నారు. భీమవరంలో స్థలాలూ ఫ్లాట్లూ కొనే డబ్బు సగం చెరువుల్లోంచి వచ్చేదే. అంతకుముందు బేరమాడితే మొహం తిప్పేసుకున్నవాళ్ళు అప్పుడు టీ ఇచ్చి కూర్చోబెట్టారు. మాకు అమ్మినాయనకీ చెరువులున్నాయి, 39 చెప్పి 36కి దిగాడు.

ముందు మాకు నచ్చింది ఇది కాదు. కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్‌లో ఫస్ట్ ఫ్లోర్, తూర్పు గుమ్మం, మంచి గాలి. అడ్వాన్స్ ఇవ్వమని బిల్డరు ఒకటే తొందర. ఇచ్చేముందు ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, తీయించాను. ఏపీలో 1983 నుంచి ఉన్న లావాదేవీలకి ఈసీ రిజిస్ట్రేషన్ శాఖ సైట్లోనే వస్తుంది, అంతకుముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళాలి. ఆ కాగితంలో స్థలం కొన్నది, డెవలప్‌మెంట్ అగ్రిమెంటు, వాటి కింద తనఖా అని ఒక ఎంట్రీ. తనఖా పెట్టించుకున్నది ఏ బ్యాంకో కాదు, మున్సిపల్ కమిషనరు! మేం చూసిన ఫ్లాటు నంబరు ఆ ఎంట్రీలోనే ఉంది. అపార్ట్‌మెంట్‌కి ప్లాన్ ఇచ్చేటప్పుడు, కట్టే దాంట్లో 10 శాతం మున్సిపాలిటీకి తనఖా పెట్టించుకుంటారు, ప్లాన్ ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) తెచ్చుకుంటేనే విడుదల చేస్తారు. బిల్డరు “అది మామూలేనండి మాస్టారూ, ఓసీ రాగానే పోద్ది” అన్నాడు. రాగానే వచ్చి కొంటాం అన్నాను. పైన చూస్తే పెంట్‌హౌస్ ఒకటి లేపి ఉంది, ప్లాన్‌లో లేదు, ఓసీ ఎప్పటికొస్తుందో నాకైతే నమ్మకం కుదర్లేదు. పైగా ఓసీ రాకముందు కొంటే జీఎస్టీ కూడా పడుతుంది, మామూలుగా 5 శాతం, 45 లక్షలు దాటకుండా 90 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా లోపు ఉంటే 1 శాతం. ఓసీ ఉన్న పాత ఫ్లాట్‌కి ఆ గొడవ లేదు.

ఇక పాతవాటి మీద పడ్డాం. అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు గాలి తగ్గాక నేనూ మా బావమరిదీ బండేసుకుని అప్పటిదాకా చూసిన వీధులన్నీ మళ్ళీ తిరిగాం. ఇల్లు కొనేవాడికి ఇంతకంటే మంచి రోజు ఉండదు, తుఫానుని మెచ్చుకున్నానని తిట్టుకోకండి. భీమవరంలో కొత్త కాలనీలు చాలావరకు ఒకప్పటి వరిచేలే, మెరక వేసి కట్టినవి. ఎవరి స్థలం వాళ్ళు మెరక చేసుకున్నారు గానీ రోడ్డు పల్లంలోనే ఉండిపోయింది. బ్రోకర్ “ఇక్కడ నీళ్ళు నిలవవండి బాబూ, నిలిస్తే నన్నడగండి” అన్న వీధిలో బండి సైలెన్సర్ మునిగింది. అక్కణ్ణించే ఆయనకి ఫోన్ చేశాను, ఎత్తలేదు. చివరికి మేం కొన్న వీధిలో కూడా నీళ్ళున్నాయి, కాకపోతే మడమల దాకా, సాయంత్రానికి లాగేశాయి.

గ్రౌండ్ ఫ్లోర్ వద్దనుకున్నాం, చెమ్మ గోడల్లోకి ఎక్కుతుంది. ఒకచోట బీరువా గోడకి కాకుండా గది మధ్యకి జరిపి ఉంటే అనుమానమొచ్చి వెనక్కి వెళ్ళి చూశాను, మోకాలెత్తు దాకా పెయింటు పొక్కులు పొక్కులుగా లేచి, వేలితో తాకితే సున్నం పొడి రాలింది. ఆఖరి అంతస్తూ వద్దు, శ్లాబు కారుతుంది, ఎండ దిగుతుంది. మేం తీసుకున్నది రెండో అంతస్తు.

అన్నిటికంటే ముఖ్యం నీళ్ళు. ఇక్కడ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. మా ఫ్లాట్‌లో షవర్ విప్పి చూస్తే సగం కన్నాలు తెల్లగా ఉప్పు పట్టి మూసుకుపోయాయి, కుళాయిల మెడలు తుప్పు. ఆ కుళాయిలన్నీ మార్చడానికే చాలా అయింది. వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు, మళ్ళీ ధవళేశ్వరం నుంచి వదిలేది ఖరీఫ్‌కే, ఆ మధ్యలో మున్సిపాలిటీ సమ్మర్ స్టోరేజ్ ట్యాంకులో నింపుకున్నదే ఊరంతటికీ ఇవ్వాలి. అందుకని అపార్ట్‌మెంట్‌కి మున్సిపల్ కనెక్షన్ ఉందా, సంపు ఎంత పెద్దది అని వాచ్‌మన్ని అడిగాను, ఓనర్ని కాదు. “కాలవలు కట్టేసినప్పుడు రోజు మార్చి రోజు వదుల్తామండి, సంపు పెద్దదే, ట్యాంకరు మాత్రం ఎప్పుడూ పిలవలేదండి” అన్నాడు. ఆ మాట నాకు ఈసీ అంత ముఖ్యమనిపించింది, ఎందుకంటే తర్వాత అద్దెకి వచ్చినవాళ్ళందరూ గదులు చూడకముందే నీళ్ళ సంగతే అడిగారు.

రిజిస్ట్రేషన్ పెద్ద కథేం కాదు. రిజిస్ట్రేషన్ చేయకూడని భూములుండే 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు లేదని చూసుకున్నాం, ఈ చుట్టుపక్కల దేవాదాయ భూములు చాలానే ఉంటాయి కాబట్టి అది తప్పదు. లింకు డాక్యుమెంట్లు, అంటే అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు, మా లాయరూ చూశాడు, బ్యాంకు లాయరూ చూశాడు. కరెంటు సర్వీసు నంబరు మీద పాత బకాయి ఉంటే రాతకి ముందే కట్టించేయాలి. తక్కువకి రాయించుకుంటే ఖర్చు కలిసొస్తుందని బ్రోకర్ ఓ సలహా పడేశాడు గానీ మేం మొత్తం ధరకే రాయించుకున్నాం.

ఆ తర్వాతే అసలు టెన్షన్. జనవరిలో తాళం చేతికొచ్చింది, టూలెట్ బోర్డు కట్టాం, వచ్చి చూసి బాగుందన్నవాళ్ళంతా “మూఢం వెళ్ళాక చేరతామండి” అన్నారు. ధనుర్మాసం, పైన మూఢం, ఎవరు పాలు పొంగిస్తారు? కొనే ముందు పంచాంగం కూడా చూసుకోవాలన్నమాట, ఈఎంఐకి మూఢం లేదు కదా. నలుగురు స్టూడెంట్లు 13 వేలు ఇస్తామని వచ్చారు, అపార్ట్‌మెంట్ కమిటీ బ్యాచిలర్లకి ఒప్పుకోదు, నాకూ మూడు వేల కోసం రోజూ పంచాయితీ వద్దనిపించింది. మాఘం దాటాక శ్రీకాకుళం వైపు నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగి కుటుంబం దిగింది. రెండు నెలల అడ్వాన్సు, 11 నెలల అగ్రిమెంటు. మెయింటెనెన్స్ వాళ్ళదే.

పన్ను సంగతి ఒక్కమాట. అద్దెలోంచి కట్టిన ఇంటిపన్ను తీసేశాక మిగిలినదాంట్లో 30 శాతం ఎలాగూ మినహాయిస్తారు, లోన్ వడ్డీ కూడా పోతుంది, మొదటి ఏడాది మాకు వడ్డీయే లక్షన్నర దాకా కాబట్టి అద్దె మీద పన్ను సున్నా. కానీ కొత్త పన్ను విధానంలో ఉంటే మిగిలిన నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోనివ్వరు, లోన్ తీసుకుంటే జీతం మీద పన్ను తగ్గుతుందని స్టాఫ్ రూమ్‌లో చెప్పేది పాత విధానం మాట.

మున్సిపాలిటీలో పేరు మార్పు అయ్యాక ఏప్రిల్‌లోనే ఏడాది ఇంటిపన్ను మొత్తం కట్టేశాను, ఆ నెలాఖరులోగా కడితే 5 శాతం తగ్గింపు ఉంది. మా బావమరిది ఇప్పుడు తనూ ఒకటి చూడమంటున్నాడు, వానలు పడనీ అన్నాను.