కోంబీ అనుకుని ఊల్మ్ దాకా వెళ్లాను

తెనాలిలో మా ఇంటి ముందు పదేళ్లుగా ఉన్నది వ్యాగన్ ఆర్. అందుకే ఇక్కడ జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో మా ఆఫీసు సీనియర్, గుంటూరాయన, "పిల్లాడు పుట్టాడుగా తమ్ముడూ, ఇక వ్యాగన్ తీసుకో" అంటే, "ఇంటి దగ్గర ఉన్నది అదేగా అన్నా, మళ్లీ అదే ఎందుకు?" అన్నాను. ఆయన కాఫీ కప్పు కింద పెట్టి మరీ నవ్వాడు. "దానికి పేరులోనే వ్యాగన్. బండి మాత్రం హ్యాచ్‌బ్యాక్."

మన దగ్గర ఈ లెక్క తేలిక. డిక్కీ బయటికి పొడుచుకొస్తే సెడాన్, రాకపోతే హ్యాచ్‌బ్యాక్, ఎత్తుగా ఉంటే ఎస్‌యూవీ. టాపు వెనకదాకా సాగి, డిక్కీ కూడా లోపలి గదిలోనే కలిసిపోయే వ్యాగన్లు అసలు రాకపోలేదు. టాటా ఎస్టేట్ వచ్చింది, మారుతి బలెనో ఆల్ట్యురా వచ్చింది, 2004లో ఇండిగో మరీనా వచ్చింది. జనం పెద్దగా కొనలేదు. డిక్కీ ఉన్న కారుకి మనవాళ్లిచ్చే పరువు వాటికి దక్కలేదు, అంతే అనుకుంటాను.

జర్మనీలో వ్యాగన్‌ని కోంబీ అంటారు. కానీ కంపెనీకో పేరు. ఫోక్స్‌వాగన్ అయితే వేరియంట్, ఆడి అయితే అవాంట్, బీఎండబ్ల్యూ అయితే టూరింగ్, ఫోర్డ్ అయితే టుర్నియర్. అన్నీ ఒకటేనని తెలియడానికే నాకు వారం పట్టింది. దానికి తోడు సెడాన్‌ని వీళ్లు లిమూజీనె అంటారు. పెళ్లికొడుకుని ఊరేగించే పొడవాటి కార్లు మనకెందుకని మొదటి రాత్రి పాత కార్ల ప్రకటనల్లో ఆ పేరున్నవన్నీ తీసేశాను. ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ లాంటి హ్యాచ్‌బ్యాక్‌ని కూడా కొందరు అదే వరసలో పెడతారని తర్వాత తెలిసింది.

అలా వెతుకుతుంటే ఊల్మ్‌లో ఒక స్కోడా ఆక్టావియా దొరికింది. కోంబీ అని రాసి ఉంది. ఫొటోలన్నీ ముందు నుంచి, లోపల నుంచి తీసినవే. రైల్లో గంట ప్రయాణం. పిల్లాడి స్ట్రోలర్ పట్టుకెళ్లి డిక్కీలో పెట్టి చూసుకోమని అన్న చెప్పాడని, ఖాళీ స్ట్రోలర్ తోసుకుంటూ వెళ్లాను. ఎదురు సీట్లో ముసలావిడ ముద్దుగా లోపలికి తొంగి చూస్తే ఒక టేపు, ఒక నీళ్ల బాటిల్ కనిపించాయి. ఆవిడ మళ్లీ నా వైపు చూడలేదు.

తీరా చూస్తే పక్క నుంచి ఆ కారు అచ్చం సెడానే. ఇది కోంబీ కాదు కదా అన్నాను. అమ్మే పెద్దాయన ఏమీ మాట్లాడకుండా వెనక మూత ఎత్తాడు. అద్దంతో సహా మొత్తం పైకి లేచింది. లోపల బావిలా ఉంది. 590 లీటర్లట. దీని అసలు కోంబీకి 610. ఇరవై లీటర్ల కోసం వెనక్కి పోవడమేంటి అనిపించి, నిజం చెప్పాలంటే, కొనేద్దామనుకున్నాను.

స్ట్రోలర్ మడిచి పెట్టాను, పట్టింది. దాని మీద నా బ్యాక్‌ప్యాక్ పెట్టి మూత దించితే అద్దం తగిలింది. అద్దం ఏటవాలుగా దిగుతుంది కాబట్టి కింద ఎంత చోటున్నా పైన లేదు. వెనక సీట్లు మడిస్తే ఈ తేడా ఇంకా బయటపడుతుంది. దీనికి 1580 లీటర్లు, కోంబీకి 1740. రిజిస్ట్రేషన్ కాగితం అడిగి చూస్తే అందులో ఐదో గడిలో "ష్రేగ్‌హెక్ లిమూజీనె" అని ఉంది. అంటే వీపు వాలుగా ఉన్న కారు. పెద్దాయన మోసగాడేమీ కాదు, వెనక తలుపు పైకి లేస్తుంది కాబట్టి కోంబీ అనే అనుకున్నాడు. ఆ కాగితం ఫొటో ముందే అడగాల్సింది నేను.

సోమవారం అన్న నన్ను ఆఫీసు పార్కింగ్‌కి తీసుకెళ్లాడు. మామూలు గోల్ఫ్ ఒకటి, గోల్ఫ్ వేరియంట్ ఒకటి, రెండూ ఏడో తరానివే, పక్కపక్కన ఉన్నాయి. ముందు నుంచి చూస్తే కవల పిల్లలే. "వెనక డోర్ అయిపోయాక ఏముందో చూడు" అన్నాడు. హ్యాచ్‌బ్యాక్‌లో అక్కడ వెడల్పాటి రేకు స్తంభం, దాంతో కారు అయిపోయింది. వేరియంట్‌లో ఆ డోర్ తర్వాత ఇంకో కిటికీ, దాని మీదుగా వెనకదాకా సాగిన టాపు. మామూలు గోల్ఫ్ పొడవు 4255 మిల్లీమీటర్లు, వేరియంట్ 4562. రెండు చక్రాల మధ్య దూరం మాత్రం దాదాపు ఒకటే. అంటే ఆ ముప్పై సెంటీమీటర్లూ వెనక చక్రం తర్వాతే ఉండాలి. నమ్మకం కుదరక వంగి జానతో కొలిచాను. జానెడున్నర దాకా తేడా వచ్చింది. సెక్యూరిటీ అతను వచ్చి ఏమైనా పోగొట్టుకున్నారా అని అడిగాడు.

కిటికీ ఒక్కటే చూసి తేల్చకు, కొన్ని హ్యాచ్‌బ్యాక్‌లకి కూడా అక్కడ చిన్న అద్దం ముక్క ఉంటుంది, టాపు ఎక్కడిదాకా వెళ్లిందో, వెనక తలుపు ఎంత నిటారుగా దిగిందో కూడా చూడమన్నాడు. ఆ నెలంతా సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతి కారు వీపూ చూశాను. మా ఆవిడ విసుక్కుంది.

చివరికి గోల్ఫ్ వేరియంటే కొన్నాం. డిక్కీ 605 లీటర్లు, హ్యాచ్‌బ్యాక్‌కి 380. ఈసారి కాగితం ముందే తెప్పించుకున్నాను. "కోంబీలిమూజీనె", అంటే కోంబీయే, అని చూశాకే బయల్దేరాను. ఇన్సూరెన్స్ వాళ్లు కారు ఆకారం గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. కాగితంలో ఉన్న రెండు కోడ్ నంబర్లు చాలన్నారు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పని అరగంటలో అయిపోయింది.

వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ, "అంబులెన్సులా ఉందేంట్రా" అంది. వేసవిలో తను వచ్చినప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్ట్‌లో రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక చిన్నది, స్ట్రోలర్, అన్నీ పట్టేశాయి. నేను గర్వంగా తలుపు వేశాను. హైడెల్‌బర్గ్ దాటాక కారంతా ఆవకాయ వాసన. ఏదో డబ్బా కారింది. సెడాన్ అయితే వాసన డిక్కీలోనే ఉండిపోయేది, దీంట్లో సీటు వెనకే సామాను, అంతా ఒకటే గది. అద్దాలు దించాను.

అమ్మ వెనక్కి తిరిగి చూసి, "ఇంత పెట్టి కొన్నావు, డిక్కీకి అడ్డం గోడ కూడా పెట్టివ్వలేదా వాళ్లు?" అంది.