నర్సంపేట బస్సులో ఇంగ్లీషు

డిగ్రీ దాకా నాది తెలుగు మీడియమే. హన్మకొండలో ఉద్యోగంలో చేరాక ఇంగ్లీషులో మెయిల్ వస్తే చాలు, టెన్షన్. స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగ్‌లో పన్నెండు టెన్సుల పట్టిక బట్టీ పట్టించారు. పట్టిక వచ్చింది, ఇంగ్లీషు రాలేదు.

టీచరుగా చేసే మా బావ వేరే దారి చెప్పాడు. "నీకు తేలిగ్గా అర్థమయ్యేవే తీసుకో, కుప్పలు కుప్పలుగా చదువు." దీన్నే ఎక్స్‌టెన్సివ్ రీడింగ్ అంటారట. 1980ల మొదట్లో ఫిజీ దీవుల పల్లె బడుల్లో ఇంగ్లీషు కథల పుస్తకాలు కుమ్మరిస్తే, ఆ పిల్లలు మామూలు పాఠాలతో నేర్చినవాళ్లను చదవడంలో, వినడంలో దాటిపోయారట. ఒక లెక్క కూడా చెప్పాడు: నూరు మాటల్లో తొంభై ఎనిమిది తెలిసుంటేనే కథ హాయిగా సాగుతుంది. ఆ లెక్కన ఇంగ్లీషు పేపరు నాకు అందదు. అందుకే స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్లో ఉచితంగా దొరికే పిల్లల కథలతో మొదలుపెట్టి, గ్రేడెడ్ రీడర్లకు, అంటే భాష నేర్చుకునేవాళ్ల కోసం మెట్లమెట్లుగా తేలిక మాటల్లో రాసిన పుస్తకాలకు, వచ్చాను. వాటిలో ఆక్స్‌ఫర్డ్ బుక్‌వార్మ్స్ మొదటి స్టేజీ పుస్తకాలు 400 మూల పదాలతోనే నడుస్తాయి.

నర్సంపేట బస్సులో సీటు దొరికితే చదువుడే. ఒకరోజు పక్కనున్న పెద్దమ్మ బొమ్మలు చూసి "పిల్లలకు కొన్నవా బిడ్డా?" అంది. నాకేనంటే నవ్వి, "మరి ఆ కుక్క ఏమైంది?" అని గిర్నిబావి వచ్చేదాకా కథ చెప్పించుకుంది.

కష్టమల్లా డిక్షనరీ జోలికి పోకుండా ఉండటమే. తెలియని మాటను వదిలి ముందుకు పోవాలంటే మనసొప్పదు. కానీ అదే మాట వేర్వేరు కథల్లో మళ్లీ మళ్లీ తగిలేసరికి దానంతటదే పట్టుబడింది. నచ్చని పుస్తకాన్ని సగంలో వదిలేయొచ్చన్న రూల్ మాత్రం భలే నచ్చింది. మన చదువుల్లో ఆ భాగ్యం ఎక్కడిది!

ఎండాకాలంలో మొదలుపెడితే బతుకమ్మ నాటికి తేడా తెలిసింది. మెయిల్లో "ఐ హావ్ సెంట్ ఇట్ యెస్టర్‌డే" అని కొట్టబోయి ఆగాను. ఏదో ఎబ్బెట్టుగా తోచింది. "హావ్" తీసేశాక కుదురుకుంది. అది పట్టికలో ఏ గడిలో ఉందో తట్టనే లేదు.

మాట్లాడటం మాత్రం చదివినంత మాత్రాన రాలేదు. ఫోనెత్తితే ఇప్పటికీ తడబాటే. దానికోసం రాత్రిళ్లు బావకు ఫోన్ చేసి, ఆ రోజు చదివిన కథ ఇంగ్లీషులో చెబుతున్నాను. మధ్యలో తెలుగు దూరినా ఆయన ఏమీ అనడు.