శివారుకు నీళ్లు

"మధ్య ముక్క ఏది?"

మంగళవారం, జర్మనీలో మా ల్యాబ్ మీటింగ్‌లో, నా స్లైడు చూసి మా ప్రొఫెసర్ అడిగిన మాట ఇంతే. పదకొండు మంది ముందు. నేను పెట్టినవి అంచుల ఫొటోలు, కణాలన్నీ బతికి పచ్చగా మెరుస్తున్నవి. మధ్య ముక్క వేరే ఫోల్డర్‌లో ఉంది. తెరిచాను. ఎర్రగా ఉంది. మేం వాడే రంగుల్లో ఎరుపంటే చచ్చిన కణం. ఎనిమిది మిల్లీమీటర్ల కాల్షియం ఫాస్ఫేట్ బిళ్ళ, ఎముక కణాలు నింపి పెంచింది, అడ్డంగా కోస్తే అచ్చం పుచ్చకాయ.

"ఇది ముందు చూపించాల్సింది" అని ఆయన తర్వాతి స్లైడుకు వెళ్ళిపోయాడు. గొంతులో కోపం కూడా లేదు. అదే ఎక్కువ మండింది.

నేను అబద్ధం చెప్పలేదు కదా! మన దగ్గర పీహెచ్‌డీ గైడు గారికి బాగున్నది ముందు చూపించి, బాగాలేనిది టీ దగ్గర మెల్లగా చెప్తాం. సార్ కూడా గదిలోకి పిలిచే తిడతారు. (నలుగురిలో తిట్టే సార్లూ ఉన్నారు, తెలుసు. జర్మనీ వచ్చాక వాళ్ళంతా మంచివాళ్ళుగానే గుర్తొస్తున్నారు.)

పైగా ఈ సమస్య నాతో పుట్టింది కాదు. రక్తనాళం నుంచి ఆక్సిజన్ పాకేది వంద, రెండు వందల మైక్రాన్లు, అంటే రెండు మూడు వెంట్రుకల మందం. ఆ అవతలి కణానికి ఊపిరాడదు. అందుకే క్యాన్సర్‌కి దవడ తీసేసిన మనిషికి ఇవాళ్టికీ కాల్లోని ఫిబ్యులా ఎముకను నాళంతో సహా తీసి, మెడ నాళాలకు కుడుతున్నారు. దవడ కోసం కాలు కోయాలి. 2004లో ఇక్కడి కీల్ నగరంలో సర్జన్లు ఒకాయనకి టైటానియం జాలీలో కొత్త దవడను ఆయన వీపు కండరంలోనే ఏడు వారాలు పెంచి, నాళంతో సహా తీసి అమర్చారు. తర్వాత ఆయన రొట్టె, సాసేజ్ తిన్నాడు. నేనీ పనిలోకి వచ్చింది ఆ సాసేజ్ కోసమే అనిపిస్తుంది ఒక్కోసారి.

రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. మా పొలం కాలువకు చిట్టచివర.

"లోపలికి రక్తం అందట్లేదు నాన్నా."

"శివారుకి నీళ్ళెక్కట్లా. చుట్టూ తడిపితే ఏం లాభమే, మధ్యలోంచి బోదె తియ్యండి."

జర్మనీలోనే ఎర్లాంగెన్ అనే ఊళ్ళో ఎలుకల్లో, గొర్రెల్లో చేసింది దాదాపు అదే. ధమనినీ సిరనూ ఒక నాళం ముక్కతో ఉచ్చులా కలిపి బిళ్ళ లోపల పెడితే, దాన్నుంచి సన్న నాళాలు మొలుస్తాయి.

మీటింగ్ సంగతీ చెప్పాను. నాన్న నవ్వాడు. "జీపులో వచ్చే ఇరిగేషన్ ఏఈ గారూ తూము దగ్గరే చూసి, నీళ్ళందాయని రాసుకుపోతాడుగా."

నేనేం మాట్లాడలేదు. అన్నం తిన్నావా అని అడిగి పెట్టేశాడు.

శుక్రవారం కొత్త బిళ్ళ కోశాను. మళ్ళీ ఎరుపే. ఆ ఫొటోకే ఒకటో నంబరు ఇచ్చి ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టాను. కింద ఒక పచ్చటి అంచు ఫొటో కూడా జోడించకుండా మాత్రం ఉండలేకపోయాను.