ఎవరూ పట్టుకోని తుపాకీ

“బాగుంది. కాకపోతే దీన్ని ఇంతవరకు ఎవరూ చేత్తో పట్టుకున్నట్టు లేదు.”

మా సూపర్‌వైజర్ ఆ ముక్క అనేసి, తుపాకీని నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. నిజం తుపాకీ కాదు లెండి, రెజిన్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో పోత పోసిన డమ్మీ. లండన్ శివార్లలో సినిమాలకీ సీరియళ్లకీ ప్రాపర్టీలు, అంటే తెర మీద కనిపించే వస్తువులు, తయారుచేసే వర్క్‌షాపులో నేను పెయింటర్ని. ప్లాస్టిక్ ఇనుములా, థర్మోకోల్ రాయిలా కనిపించేలా చేయడం నా పని.

ఇక్కడి వాళ్ల తిట్టు ఇలాగే ఉంటుంది. ముందు ‘బాగుంది’ అంటారు, తర్వాత అసలు సంగతి. గొంతు పెరగదు. మన దగ్గర, కార్ల షెడ్డులో మా మేస్త్రి అయితే “కళ్లు ఇంట్లో పెట్టొచ్చావేంట్రా?” అని చేతిలో ఉన్న వాటర్ పేపర్ (నున్నగా రుద్దే గరుకు కాగితం) ముక్క విసిరికొట్టేవాడు. సాయంత్రానికి మళ్లీ ఆయనే టీ తెప్పించేవాడు. లెక్క అక్కడితో సరి. ఈ మెత్తటి మాట అలా కాదు, మనతో పాటు బస్సెక్కి ఇంటికొస్తుంది. ఆ రాత్రి నేను ముభావంగా ఉంటే ఏమైందని మా ఆవిడ అడిగింది. తనకి ఏం చెప్పను? తుపాకీని ఎవరూ పట్టుకోలేదన్నారని బాధపడుతున్నానంటే నవ్వదా?

నేను కార్ల పెయింటింగ్ నుంచి వచ్చినవాణ్ణి. మా ఆవిడకి ఇక్కడ నర్సు ఉద్యోగం వస్తే తన వెనకాల వచ్చాను. డెంటింగ్ షెడ్డులో పనితనం అంటే ఒకటే: దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియకూడదు. కారు గలాయన చుట్టూ తిరిగి, వంగి చూసి, “ఏ డోరు చేశారు?” అని అడిగితే అదే మాకు బిరుదు. లప్పం పెట్టడం, పేపర్ కొట్టడం, ప్రైమర్, బేస్ కోటు, చివర్న క్లియర్, అంటే రంగు లేని పారదర్శక పూత. మనిషి చెయ్యి పడిన ఆనవాలే లేకుండా చెయ్యడం నేర్చుకోవడానికి నా వయసంతా పోసాను. ఇప్పుడు ఈ సూపర్‌వైజర్ వచ్చి, చెయ్యి పడినట్టు లేదు అని వంక పెట్టింది.

పనిలో లోపం లేదని ఇప్పటికీ అంటాను. రెజిన్ పోతకి అచ్చు నుంచి ఊడొచ్చేందుకు పూసిన జిడ్డు అంటుకుని ఉంటుంది. సబ్బు నీళ్లతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవకపోతే ఎంత ఖరీదైన రంగైనా పొరలుగా లేచిపోతుంది. అదంతా చేశాను. అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట వచ్చే గీత తీశాను, గాలి బుడగల గుంటలు పూడ్చాను. 400 పేపర్, ఆపైన 800 తడి పేపర్. ప్రైమర్ మీద నిగనిగలాడే నలుపు, దాని మీద పల్చగా మెటాలిక్ లాకర్, అంటే లోహంలా మెరిసే రంగు. కింది నలుపు ఎంత నున్నగా ఉంటే పైన లోహం అంత నిజంగా కనిపిస్తుంది, ఇందులో కార్లకీ తుపాకులకీ తేడా లేదు. అద్దంలా వచ్చింది. అలా రావడమే ఆవిడకి నచ్చలేదు.

మర్నాడు నా బల్ల మీద ఫోటోల కట్ట పెట్టి ఉంది. అన్నీ పాత తుపాకులే. లీడ్స్‌లో రాయల్ ఆర్మరీస్ అని ఆయుధాల మ్యూజియం ఉంది, టికెట్ లేదు, వీలైతే వెళ్లి చూడమంది సూపర్‌వైజర్. సెలవు రోజున పిల్లల్ని వేసుకుని వెళ్లాం. పిల్లలు ఏనుగు కవచం దగ్గర ఆగిపోయారు. అది మన దేశం నుంచి వచ్చిందే. మా ఆవిడ వాళ్లకి దాని కథ చెబుతుంటే నేను పిస్టళ్ల అద్దాల పెట్టెల ముందు నిలబడ్డాను. “సెలవు నాడు కూడా ఇదే గోలా” అంది తను.

తుపాకీ అంటే వెండి రంగు అనుకుంటాం, మన సినిమాల్లో హీరో చేతిలో తళతళలాడేది చూసి. అక్కడ దాదాపు ఒక్కటీ అలా లేదు. ఉక్కు తుప్పు పట్టకుండా దాని పైపొరనే నల్లటి ఐరన్ ఆక్సైడుగా మార్చేస్తారు. బ్లూయింగ్ అంటారు దాన్ని. కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాలు కలిపిన ద్రావణం 140 డిగ్రీల దగ్గర మరుగుతుంటే అందులో ముంచుతారు. అది రంగు కాదు, ఉక్కే అలా మారుతుంది, అందుకే మందం ఉండదు. నేరుగా చూస్తే నలుపు, వెలుగు వాలుగా పడితే లోపల్నించి నీలం. మిలిటరీ వాటికైతే ఫాస్ఫేట్ పూత, అది బూడిద రంగులో గరుకుగా ఉంటుంది, నూనె తాగి తాగి కొన్ని ఆకుపచ్చ చాయకి తిరుగుతాయి.

అరిగిన చోట్లు ఇంకా ఆశ్చర్యం. గొట్టం మూతి అంచులు, ఒరలోకి తోసి తీసే చోట రెండు పక్కలా, బొటనవేలు ఆనే మీట, ట్రిగ్గర్ ముందు భాగం, పిడికిలి వెనక వంపు. అరిగిన చోట కూడా తళతళ లేదు. పూత పోయిన ఉక్కు కొన్నాళ్లకి గోధుమ చాయ కలిసిన బూడిద రంగులోకి దిగుతుంది. సందుల్లో మాత్రం నలుపు నలుపుగానే ఉంది, పాత నూనె, మురికి పేరుకుని. అంచులన్నిటికీ సమానంగా సిల్వర్ రాసేస్తే పాతబడినట్టు కాదు, ముగ్గు వేసినట్టు ఉంటుంది. ఆవిడ అన్నదాని వెనక ఇంత ఉందని అక్కడ అర్థమైంది. అయినా మంట చల్లారలేదు.

ఎందుకంటే ఆవిడ మాటలో నాకు వినిపించింది వేరు. పాత వస్తువు ఎలా ఉంటుందో నీకు తెలియదు అన్నట్టు వినిపించింది. మనకా తెలియంది? గుడి గడపకి కొట్టిన ఇత్తడి రేకు చూడండి. అందరూ వంగి కళ్లకద్దుకునే నడుమ భాగం నునుపుగా మెరుస్తుంది, మూలలకి పోయేకొద్దీ నల్లబడి, మేకుల చుట్టూ కుంకుమ, నూనె గట్టిపడి ఉంటాయి. ఈ మ్యూజియంలో నేను చూసిందంతా ఆ రేకు మీద ఉంది. తెలియక కాదు, మనం దాన్ని దాచుకుంటాం. అరుగుదల మనకి లేమికి గుర్తు. కొత్త కారు సీట్ల మీద ప్లాస్టిక్ కవరు ఏళ్ల తరబడి తీయం. పండగొస్తే గీతలు పడ్డ బీరువాకి రంగు వేయిస్తాం. పాతది చూపించి మురిసిపోవాలంటే, కావాలంటే కొత్తది కొనుక్కోగలననే ధీమా ఉండాలి. ఇక్కడి వాళ్లకి అది ఉంది. డబ్బిచ్చి మరీ కొత్త డమ్మీని పాతది చేయించుకుంటారు. నేను వచ్చిన షెడ్డుకి అలాంటి బేరం ఎవరు తెస్తారు?

ఇలా నాలో నేను వాదించుకుంటూనే పని మార్చాను. మెటాలిక్ లాకర్ పక్కన పెట్టాను. ముందు ముదురు ఉక్కు రంగు, దాని మీద కాస్త మెరుపు చచ్చిన నలుపు. పూర్తిగా గట్టిపడక ముందే బూడిద రంగు స్కాచ్-బ్రైట్ ముక్కతో, చెయ్యి తగిలే చోట మాత్రమే రుద్దాను. రుద్దేటప్పుడు చూసి రుద్దకూడదు. డమ్మీని నిజంగా పట్టుకుని, ఒరలో పెట్టి తీసి, వేళ్లు ఎక్కడ ఆనుతున్నాయో అక్కడే రుద్దాలి. ఆ తర్వాత గ్రాఫైట్ పొడి, పెన్సిల్ ముల్లులో ఉండేదే. వేలి కొసతో కొంచెం తీసుకుని నలుపు మీద రుద్దుతుంటే ప్లాస్టిక్ చూస్తుండగానే ఇనుమైపోతుంది. గ్రాఫైట్ పొరలు ఒకదాని మీద ఒకటి జారి పడుకుంటాయి, మెరుపు అక్కడి నుంచే. సందుల్లోకి పల్చటి గోధుమ, నలుపు ఆయిల్ రంగు పోసి, పైపైన తుడిచేశాను.

చిక్కు ఆ తర్వాతే వచ్చింది. గ్రాఫైట్ మీద క్లియర్ కొడితే ఆ లోహపు చాయ చచ్చిపోతుంది, మామూలు బూడిద రంగు మిగులుతుంది. కొట్టకపోతే నటుడి చేతికి, చొక్కాకి నల్లగా అంటుతుంది. కారు పెయింటర్‌కి క్లియర్ కొట్టకుండా బండి వదలడమంటే చొక్కా లేకుండా బజారుకెళ్లడమే. చివరికి మెరుపు తక్కువుండే శాటిన్ క్లియర్ మంచు పట్టినట్టు ఒక్క పొర, ఆరాక కెమెరాకి కనిపించే అంచుల మీద మాత్రం మళ్లీ కాస్త గ్రాఫైట్. క్లోజప్ డమ్మీకి ఈ తంతు. దూరం నుంచి కనిపించే, కింద పడేసే రబ్బరు డమ్మీలకి ఇంత అక్కర్లేదు, నలుపు కొట్టి అంచులు తడిమి పంపేస్తాం.

షెడ్డులో చాయ కుదిరిందో లేదో తేల్చుకోవాలంటే బండిని ఎండలోకి తోసేవాళ్లం. ఇక్కడ ఆ అలవాటు కుదరదు. నిజం తుపాకీలా కనిపించే నకలు తయారుచేయడం, అమ్మడం, దిగుమతి చేసుకోవడం ఈ దేశంలో నేరం. 2006లో చట్టం చేసి, 2007 అక్టోబరు నుంచి అమలు చేస్తున్నారు. సినిమా, నాటకం, మ్యూజియం లాంటి వాటికే మినహాయింపు. నారింజ, గులాబి, నీలం లాంటి రంగులేస్తే గొడవ లేదు. సరైన కారణం లేకుండా నకలు పట్టుకుని వీధిలో నిలబడినా నేరమే. అంటే నా పని ఎంత బాగా కుదిరితే గేటు బయట అంత ప్రమాదం! అందుకని మూత పెట్టె, తాళం, రిజిస్టరులో సంతకం. వెలుతురు కావాలంటే ఉత్తరం కిటికీ దగ్గర నిలబడాలి. ఇక్కడి ఎండకి అయితే బయటికి వెళ్లినా ఒరిగేదేం లేదనుకోండి.

ఇంకో సంగతి చెప్పకపోతే ఆవిడకి అన్యాయం చేసినవాణ్ణవుతాను. కార్లకి వాడే, రెండు డబ్బాలవి కలిపి కొట్టే టూ-ప్యాక్ క్లియర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, పీలిస్తే ఆస్తమా పట్టుకోవచ్చు. షెడ్డులో మేం ముక్కుకి జేబురుమాలు కట్టుకుని కొట్టేవాళ్లం. మేస్త్రి దగ్గు అందరికీ తెలుసు, ఎందుకో మాత్రం ఎవరూ అడగలేదు. ఇక్కడ బయటి నుంచి గాలి పంపే మాస్కు, ఆ రసాయనం ఒంట్లోకి చేరిందేమోనని అప్పుడప్పుడూ మూత్ర పరీక్ష. మొహానికి బిగుతుగా పట్టే మాస్కు పెట్టుకోవాలంటే గడ్డం ఉండకూడదు. నాకేమో తిరుపతి మొక్కు. నోరు తెరిచి చెప్పలేక స్ప్రే కొట్టే గదిలో పని తప్పించుకు తిరుగుతుంటే ఆవిడ గమనించింది. కారణం అడగలేదు. గడ్డం ఉన్నా పనికొచ్చే, తల మొత్తం కప్పే వదులు హుడ్ ఒకటి తెప్పించి, నా పేరు రాసి కొక్కేనికి తగిలించింది. అలాంటి మనిషి మీద కోపం పెట్టుకోవడం ఎంత కష్టమో చూడండి. పేరు పెట్టి పిలవమంటుంది, నాకు నోరు రాదు, ‘మేడమ్’ అంటే ఆవిడ మొహం చిట్లిస్తుంది.

రెండోసారి చేసిన డమ్మీని ఆవిడ తిప్పి తిప్పి చూసి, మళ్లీ ‘బాగుంది’ అంది. ఈసారి ‘కాకపోతే’ రాలేదు. నేను మాత్రం దాని కోసం కాసేపు ఎదురుచూశాను.

సినిమా వచ్చేదాకా వస్తువుల ఫోటోలు బయటికి పంపకూడదు, ముందే సంతకం పెట్టించుకుంటారు. అందుకని ప్రాక్టీసు కోసం ప్లాస్టిక్ పైపు ముక్క మీద అదే ఫినిషింగ్ వేసి, దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో మేస్త్రికి పంపాను. పంపీ పంపగానే ఫోన్ చేశాడు. “ఏంట్రా, పచ్చి ఇనుము అలా వదిలేశావు? ప్రైమర్ కొట్టవా? నాలుగు రోజుల్లో తుప్పెక్కుతుంది. అక్కడికెళ్లి పని మర్చిపోయావా?” అని కేకలు. అది ప్లాస్టిక్ పైపు మేస్త్రీ అన్నాను. నమ్మలేదు. వీడియో కాల్ పెట్టి, రంపంతో కోసి లోపలి తెలుపు చూపించాల్సి వచ్చింది. అప్పుడు కూడా, “మరి క్లియర్ ఎందుకు కొట్టలేదు?” అనే అడిగాడు.